తువ్వాలుకు బుగ్గి ఆగదు

టెక్కలి నీలి గ్రానైట్ దేశదేశాల్లో ఇళ్లకు నేల అవుతోంది. ఆ రాయిని కోసి, అంచులు గ్రైండింగ్ పట్టే మనిషి మాత్రం ముక్కుకు ఓ తువ్వాలు చుట్టుకుని పని కానిచ్చేస్తుంటాడు. 'అలవాటైపోయిందండీ' అంటాడు. అలవాటయ్యేది ముక్కుకే, ఊపిరితిత్తికి కాదు.

కంటికి కనిపించే బుగ్గితో పెద్ద పేచీ లేదు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో కఫం దాన్ని చాలావరకు ఆపేస్తాయి. అసలు చిక్కు కంటికి కనపడని దానితోనే. తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. అయిదు మైక్రాన్లలోపు రాతి రేణువు నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది. దానికి తువ్వాలు నేతలోని సందులు సింహద్వారాలే! తడిపి కట్టుకున్నా పెద్ద తేడా ఉండదు. రాతిలోని సిలికా లోపల గాయం చేస్తుంది, గాయం మచ్చకడుతుంది, మచ్చ గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. పని మానేసినా ముదరొచ్చు. నయంచేసే మందు లేదు. పైగా క్షయ తొందరగా అంటుకుంటుంది.

వలస వెళ్లే జిల్లాలవాళ్లం కాబట్టి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యప్రదేశ్ గిరిజనులు గుజరాత్‌లోని క్వార్ట్జ్ పిండి మిల్లులకు పనికెళ్లి, ఈ జబ్బుతో ఇళ్లకు తిరిగొచ్చారు. చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా మూడు లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి వాళ్లు పోయి ఎన్నేళ్లయిందో!

మరి ఏం కట్టుకోవాలి? కరోనా పుణ్యమా అని ఎన్95 పేరు అందరికీ తెలిసింది. చెవులకు తగిలించుకునే పల్చని సర్జికల్ మాస్కు దీనికి పనికిరాదు. తల వెనక రెండు పట్టీలుండి, ముఖానికి అతుక్కునేదే కావాలి. పెట్టుకున్నాక చేతులతో మూసి గట్టిగా ఊదండి. పక్కల నుంచి గాలి తప్పించుకుంటే అది ఉన్నా లేనట్టే. గడ్డం పెంచినా అంతే. ఉతికితే వడపోసే గుణం పోతుంది. నెలకొక్క మాస్కు ఇచ్చి సంతకం పెట్టించుకునే యజమాని రిజిస్టరును కాపాడుకుంటున్నాడే తప్ప మనిషిని కాదు.

గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు సంగతి వేరు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఆ చుట్టుపక్కలే, 1890లలో కోడూరు గనుల్లో. ఈ దుమ్ము, కొలిమి పొగ ఏళ్ల తరబడి పీలిస్తే దెబ్బ మెదడుకు. నడక తడబడుతుంది, మాట నెమ్మదిస్తుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది. గ్లాస్గోలో కూపర్ అనే వైద్యుడు 1837లోనే దీన్ని రాసిపెట్టాడు. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకునే లక్షణాలివి.

పైడిభీమవరం మందుల కంపెనీల్లో ఎన్95ను నమ్ముకోకూడదు. అది దుమ్మును ఆపుతుంది, రసాయనాల ఆవిరిని ఆపదు. దానికి తగిన క్యాట్రిడ్జి ఉన్న మాస్కు వేరే ఉంటుంది. గాలాడని ట్యాంకులోకి దిగాలంటే అదీ చాలదు, బయటినుంచి గొట్టంతో మంచి గాలి అందాల్సిందే.

నిజానికి మాస్కు ఆఖరి అడ్డు. కోతపెట్టే చోట నీళ్లు పారించడం, దుమ్మును పుట్టినచోటే లాగేసే ఫ్యాను పెట్టడం ముందు చేయాల్సినవి. మాస్కు చేతిలో పెట్టేసి ఇవి ఎగ్గొడితే సగం పని కూడా చేయనట్టే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడు ప్రకారం భద్రత కోసం ఇచ్చే వేటికీ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సిలికోసిస్, మాంగనీసు విషం రెండూ అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉన్నాయి. వైద్యుడు పోల్చుకుంటేనే కదా తెలియజేసేది! అందుకే ఆయాసమని ఆసుపత్రికి వెళితే ఓపీ చీటీ మీద 'కూలి' అని కాకుండా 'గ్రానైట్ కటింగ్' అని రాయించండి. పనిబట్టలు ఇంట్లో దులపకండి, విడిగా నానబెట్టండి. ఏ యూనిట్లో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చేశారో ఓ పుస్తకంలో రాసి, జీతం చీటీలు, గేటు పాసులు అందులోనే దాచండి.