సహోదరుని వద్ద బండి కొనునప్పుడు

ధ్యాన భాగము: యిర్మీయా 32:6–15



కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక సహోదరుడు మందిరము ముందు బండి నిలిపి, “అయ్యగారూ, ఒక్కసారి వచ్చి ప్రార్థన చేయండి” అని పిలిచాడు. అది సెకండ్‌హ్యాండ్ టాటా ఏస్. ఊరిలోని రైతుల కూరగాయలు మార్కెట్‌కు తోలుకొని బ్రతుకుదామని కొన్నాడు. భార్య మెడలోని గొలుసు అమ్మగా వచ్చిన సొమ్ము కొంత, పొదుపు సంఘములో తీసికొన్న అప్పు కొంత కలిపి కట్టాడు. నేను బండిపై చేయి ఉంచి ప్రార్థించాను. పిల్లలు వెనుక తొట్టిలోకి ఎక్కి చప్పట్లు కొట్టారు. ఆమె అందరికీ మిఠాయిలు పంచింది.

నాలుగు నెలలు తిరగలేదు. ఒక తెల్లవారుజామున మార్కెట్ దగ్గర ఇద్దరు మనుష్యులు బండి ఆపి తాళము తీసికొన్నారు. పాత యజమాని ఫైనాన్సులో తీసికొన్న అప్పు తీరలేదట. టమాటా బుట్టలు రోడ్డు పక్కన దింపించి బండిని తీసికొని పోయారు. మనవాడు ఆ బుట్టల ప్రక్కన కూర్చుని నాకు ఫోను చేశాడు.

అమ్మినవాడు ఎవరో పరాయివాడు కాడు. పక్క ఊరి సంఘములోని విశ్వాసి. “మిగిలిన వాయిదాలు నేనే కట్టుకుంటాను తమ్ముడూ” అన్నాడట. “మరి కాగితాలు ఎందుకు చూడలేదు నాయనా?” అని అడిగాను. “విశ్వాసిని కాగితాలు అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడ్డాను అయ్యగారూ” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా దినములు వదలలేదు. ఎందుకంటే నేను కూడా అడగలేదు. బండి మీద చేయి వేశాను గాని, బండి ఎవరి పేరున ఉన్నదో చూడలేదు. అప్పటినుండి ఎవరు బండి తెచ్చి ప్రార్థన చేయమన్నా, “ముందు ఆర్.సి. పుస్తకము చూపించు నాయనా” అంటున్నాను. కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ప్రవక్త కూడా కాగితము వ్రాయించుకొన్నాడు

మన మధ్య ఒక తప్పు ఆలోచన ఉన్నది. నమ్మకము ఉన్నచోట కాగితము అక్కరలేదనీ, కాగితము అడిగితే నమ్మకము లేనట్టేననీ అనుకుంటాము. యిర్మీయా 32వ అధ్యాయము ఈ ఆలోచనను సరిచేస్తుంది.

యిర్మీయా చెరసాల శాలలో ఉన్నాడు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడి వేసి ఉన్నది. అట్టి సమయములో పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలము కొనమన్నాడు. అమ్మేవాడు సొంత రక్తసంబంధి. కొనమన్న ఆజ్ఞ దేవుని యొద్దనుండి ముందే వచ్చింది. ఇంతకంటె నమ్మకమైన బేరము ఎక్కడైనా ఉంటుందా? అయినను యిర్మీయా ఏమి చేశాడో చూడండి. పదియేడు తులముల వెండిని త్రాసులో తూచాడు. క్రయపత్రము వ్రాసి ముద్ర వేశాడు. సాక్షులను పిలిచి సంతకము చేయించాడు. ముద్ర వేసిన పత్రమును, తెరిచిన పత్రమును హనమేలు కన్నుల ఎదుటనే బారూకు చేతికి ఇచ్చి, అవి చెడకుండ మట్టికుండలో భద్రపరచమన్నాడు.

హనమేలు నొచ్చుకొన్నట్టు అక్కడ వ్రాయబడలేదు. కాగితము ప్రేమకు అడ్డము రాదు. రేపు గొడవ వచ్చి ప్రేమ చెడకుండ కాపాడేది కాగితమే. కాబట్టి తూచుట, పత్రము, సాక్షులు అనే మూడు సంగతులను మన బండి బేరమునకు అన్వయించుకుందాము.

మొదటిది: బండిని తూచుట

2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత మన పల్లెల్లో చిన్న బండి బ్రతుకుతెరువుగా మారింది. రెండు సిలిండర్లు, 702 సి.సి. డీజిలు ఇంజను, 16 హార్స్‌పవరు, ముప్పావు టన్ను బరువు. ఆ తరువాత అర టన్ను, ముప్పావు టన్ను తరగతిలో మరికొన్ని కంపెనీల బండ్లు కూడా వచ్చాయి. ఏ కంపెనీ మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. పాత బండికి కంపెనీ కంటె అది గడిపిన బ్రతుకు ముఖ్యము. అది ఏమి మోసిందో మొదట అడగండి.

భీమవరము వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి అయితే ఉప్పునీరు కారి అడుగు తుప్పు పట్టి ఉంటుంది. పైన కొత్త రంగు చూసి మురిసిపోకుండ, క్రింద పడుకొని ఛాసిస్‌ను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. ఇటుకలు, ఇసుక మోసిన బండి అయితే వెనుక కమాను కట్టలు చూడండి. కంపెనీ ఇచ్చినదానికంటె ఎక్కువ పట్టీలు వేసి ఉంటే, అది మోయవలసినదానికంటె ఎక్కువ మోసిందని అర్థము. ఛాసిస్‌పై వెల్డింగు అతుకులున్నా అంతే. మంచినీళ్ల క్యాన్లు తిప్పిన బండి ఇంటింటికి ఆగి ఆగి పోతుంది గనుక క్లచ్, బ్రేకులు ముందుగా అరుగుతాయి.

బండి చూడటానికి ఉదయమే వెళ్లండి. “నేను వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దు” అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడిగా ఉందో అడగండి. చల్లని ఇంజను ఒకటి రెండు ప్రయత్నములలో అందుకోవాలి. అందుకొన్న తరువాత పొగ చూడండి. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నది. ఖాళీ బండికే నల్లపొగ వస్తే డీజిలు సరిగా మండడము లేదు. తెల్లపొగ ఇంజను వేడెక్కినా ఆగకపోతే జాగ్రత్తపడవలెను.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయించండి. అక్కడినుండి గుప్పుగుప్పున పొగ ఎగదన్నితే లోపల పిస్టను రింగులు అరిగినట్టే. మూత లోపల మజ్జిగ వంటి తెల్లని జిగురు ఉంటే నీరు ఆయిలులో కలుస్తున్నదేమోనని అనుమానించాలి. రేడియేటరు మూత మాత్రము ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు ముఖము మీద చిమ్ముతాయి.

మీటరు అంకెను నమ్మకండి. పెడల్ రబ్బర్లు, స్టీరింగు, డ్రైవరు సీటు చూడండి. మీటరు నలభై వేలు చూపిస్తూ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ రెండిటిలో ఒకటి అబద్ధమాడుతున్నది. రబ్బరుకు అబద్ధమాడటము రాదు.

చివరగా, ఖాళీ బండిని తారురోడ్డు మీద నడిపి సరిపెట్టుకోవద్దు. నాలుగైదు బస్తాలు వేసి, వంతెన మిట్ట మీద ఆపి, మళ్లీ ఎక్కించండి. క్లచ్ జారుతున్నదా, గేరు తన్నుతున్నదా, బ్రేకు వేస్తే ఒక ప్రక్కకు లాగుతున్నదా అన్నీ అక్కడ తెలుస్తాయి. మనిషి సంగతి కూడా భారము మీద పడినప్పుడే గదా తెలిసేది!

రెండవది: పత్రము

ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు తీసికొని బండి మీది నంబర్లతో ఒక్కొక్క అంకె సరిచూడండి. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరు ఉన్నదా చూడండి. ఉంటే, అప్పు తీరినట్టు ఆ కంపెనీ ఇచ్చే ఎన్.ఓ.సి., ఫారము 35 చేతికి రానిదే పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. “వాయిదాలు నేను కట్టుకుంటాను” అనే మాట మీద బండి కొనవద్దు. ఆ మాటే మా సహోదరుని రోడ్డు పక్కన కూర్చోబెట్టింది.

పేరు మార్చుకొనుటకు ఫారము 29, ఫారము 30 కావాలి. వేరే జిల్లా లేక వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆర్.టి.ఏ. ఇచ్చే ఎన్.ఓ.సి. సంగతి కూడా విచారించాలి. కొన్నవాడు 30 దినములలో బదిలీకి దరఖాస్తు చేయాలని చట్టము చెబుతుంది. ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉన్నదో చూడండి. సరుకు బండికి ఎనిమిది సంవత్సరముల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ప్రతి సంవత్సరము ఫిట్‌నెస్ చేయించాలి. టాక్సు బకాయిలు, చలానాలు ఉన్నాయేమో ఆర్.టి.ఏ. ఆఫీసులో బండి నంబరుతో విచారించండి. మూడువేల కిలోల మొత్తము బరువు దాటని సరుకు బండికి పర్మిటు అవసరము లేదు. కాబట్టి పర్మిటు పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అమ్మేవారికి కూడా ఒక మాట. “డబ్బు చేతికి వచ్చింది, పేరు వాడే మార్చుకుంటాడులే” అని ఊరుకోవద్దు. ఆర్.సి.లో ఎవరి పేరు ఉంటే చట్టము దృష్టిలో వారే యజమాని. బండి చేతులు మారినా, ప్రమాదము జరిగితే పరిహారపు బాధ్యత రికార్డులో పేరున్నవాని మీదనే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. మీరు ఎన్నడో అమ్మిన బండి ఎవరినో గుద్దితే, కోర్టు కాగితము మీ గుమ్మములోనికి వస్తుంది.

ఇన్సూరెన్సు కూడా క్రొత్త పేరుకు మార్పించుకోవాలి. పద్నాలుగు దినములలోగా కంపెనీకి దరఖాస్తు చేయాలి. ఇక్కడే మన సంఘములన్నిటికి ఒక హెచ్చరిక. సువార్త సభలకు, పెండ్లిండ్లకు, క్రిస్మస్ కూటములకు సరుకు బండి తొట్టిలో మనుష్యులను నింపుకొని పోవుట మనకు అలవాటు. సరుకు బండిలో ఊరకనే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే తేల్చింది. బండి తిరగబడితే పోయిన ప్రాణములు ఎలాగూ తిరిగి రావు. పరిహారము భారము కూడా ఆ పేద యజమాని నెత్తిన పడుతుంది. పాస్టరుగా నేను కూడా ఒకప్పుడు అలా మనుష్యులను పంపించాను. ఇప్పుడు పంపించను. ఆలస్యమైనా ఆటోలో, బస్సులో రండని చెబుతున్నాను.

మూడవది: సాక్షులు

ఒంటరిగా బేరమునకు వెళ్లవద్దు. మీకు తెలిసిన మెకానిక్కును వెంట తీసికొని వెళ్లి, అతని దినకూలి అతనికి ఇవ్వండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్కు మీ సాక్షి కాడు. ఇంటి ఇల్లాలిని కూడా అడగండి. గొలుసు ఆమెది, అప్పు సంతకము ఆమెది, బండి మాత్రము ఆమె చూడకూడదా? సొమ్ము ఇచ్చేటప్పుడు ఇద్దరు పెద్దల ఎదుట ఇచ్చి, రసీదు వ్రాయించుకోండి. బ్యాంకు ద్వారా ఇస్తే మరీ మంచిది.

బేరములో మనము కూడా నీతిగా ఉండవలెను. సామెతలు 20:14లో ఒక కొనుగోలుదారుడున్నాడు. ఎదుట నిలిచి వస్తువు బాగాలేదని పెదవి విరుస్తాడు, అవతలికి పోయి తన తెలివిని పొగడుకుంటాడు. అమ్మేవాని అవసరము చూసి లేని లోపములు చెప్పి ధర కోయటము కూడా మోసమే. అట్లే అమ్మేవాడు ఉన్న లోపము దాచి, “ప్రభువు కృపతో బండి బాగుంది” అంటే అది దేవుని నామమును వ్యర్థముగా పలుకుటయే. గేరుబాక్సులో శబ్దము వస్తుంటే వస్తున్నదని చెప్పు. ధర కొంత తగ్గుతుంది, నీ నిద్ర తగ్గదు.

మా సహోదరుని సంగతి ఏమైందని అడుగుతారు. రెండు సంఘముల పెద్దలము కలిసి అమ్మినవాని ఇంటికి వెళ్లాము. అతడు మోసము చేయాలని చేసినవాడు కాడు. పిల్ల పెండ్లి అప్పులో పడి వాయిదాలు కట్టలేకపోయాడు. మొదట వాదించాడు, తరువాత ఏడ్చాడు. కొద్దికొద్దిగా రెండేళ్లలో చాలావరకు తీర్చాడు. బండి మాత్రము తిరిగి రాలేదు. మావాడు ఇప్పుడు వేరొకరి బండికి డ్రైవరుగా కూలికి వెళ్తున్నాడు. ఆ రెండు కుటుంబములు ఒకప్పుడు పండుగకు ఒకరింట ఒకరు భోజనము చేసేవారు. ఇప్పుడు సభలో ఎదురైతే వందనము చెప్పుకుంటారు, అంతవరకే. ఒక గంట సేపు కాగితములు చూసి ఉంటే ఆ స్నేహము మిగిలేది.

కాబట్టి ప్రియులారా, ఈ సారి విశ్వాసి దగ్గర బండి కొనునప్పుడు మొహమాటము లేకుండ అడగండి. “అన్నా, నీ మీద అనుమానము కాదు, మన స్నేహము నిలవాలి” అని చెప్పండి. మిమ్మల్ని ఎవరైనా అడిగితే నొచ్చుకోక, కాగితములన్నీ తెచ్చి ముందు పెట్టండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా చేతి కష్టము మోసములో పోకుండ మాకు వివేకమియ్యుము. అమ్మునప్పుడు సత్యము చెప్పు ధైర్యమును, కొనునప్పుడు నిదానించి చూచు ఓర్పును దయచేయుము. బండి నడుపుకొని బ్రతుకు మా బిడ్డలను రాకపోకలలో కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.