జాడ తీయడం, పరువు తీయడం

ఆస్పత్రులలో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎవరి నుండి ఎవరికి చేరుతున్నాయో వాటి జన్యువులను చదివి కనిపెట్టే పద్ధతిని 'జన్యు నిఘా' అంటున్నారు. ఆ పేరు వినగానే కొందరికి సూరా హుజురాత్ గుర్తుకొస్తుంది. ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని (తజస్సుస్) దివ్య ఖుర్‌ఆన్ అందులో వారించింది. మరి రోగి ముక్కులో దూదిపుల్ల తిప్పి, అతనికే తెలియని సంగతిని రాబట్టడం సమ్మతమేనా? ప్రశ్న సమంజసమైనదే. నిఘా అనే మాటే నాకు నచ్చలేదు. 'జాడ' అంటే సరిపోయేది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజీ ఆస్పత్రి ఉంది. 2011లో అక్కడి పసికందుల ప్రత్యేక చికిత్సా విభాగంలో ఆరు నెలల వ్యవధిలో 12 మంది శిశువుల వద్ద ఎం.ఆర్.ఎస్.ఎ. కనిపించింది. అది మెథిసిలిన్ తదితర మందులకు లొంగని స్టాఫిలోకాకస్ బాక్టీరియా. ఒకరి నుండి మరొకరికి అంటిందా, లేక ఎవరికి వారికే వచ్చిందా? మామూలు పరీక్షలు తేల్చలేకపోయాయి. అప్పుడు షారన్ పీకాక్, జూలియన్ పార్క్‌హిల్ తదితర శాస్త్రవేత్తలు ఆ బాక్టీరియాల జన్యుక్రమాన్ని ఆసాంతం చదివారు. అది సుమారు 28 లక్షల అక్షరాల గ్రంథం. నకళ్ళు తీసేకొద్దీ దాదాపు ఆరు వారాలకొక అక్షరం మారుతుంది. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే తప్పు దొర్లితే రెండింటికీ మాతృక ఒకటేనని లేఖకులు గ్రహిస్తారు కదా, ఇదీ అంతే.

హదీసు విద్యార్థులకు ఇది కొత్త విద్య అనిపించదు. ఫలానా ఉల్లేఖకుడు ఫలానా గురువును కలిశాడా అన్నది మన పెద్దలు శోధించిన విషయమే. ఇద్దరూ సమకాలికులై, కలిసే వీలుంటే చాలని ఇమామ్ ముస్లిం (రహ్మలై) భావించారు. కలయిక రుజువు కావాలని ఇమామ్ బుఖారీ (రహ్మలై) పట్టుబట్టారు. కేంబ్రిడ్జిలోనూ సనదు ఒకచోట తెగింది. విభాగాన్ని క్షుణ్ణంగా శుభ్రపరిచారు. ఆ బాక్టీరియా ఉన్న చివరి శిశువు వెళ్ళిపోయిన 64 రోజుల తర్వాత మరొక శిశువు వద్ద అదే వంశపు బాక్టీరియా దొరికింది. ఆ ఇద్దరు శిశువులూ ఒకేసారి అక్కడ లేరు. అంటే నడుమ ఒక ఉల్లేఖకుడు లోపించాడన్న మాట. 154 మంది సిబ్బందిని పరీక్షించగా ఒక్కరి వద్ద అది బయటపడింది. తల్లులతో సహా మొత్తం 26 మందికి ఆ గొలుసు పాకినట్లు తేలింది.

ఆ ఉద్యోగికి బాక్టీరియాను తొలగించే చికిత్స చేశారు. 2012 నవంబరులో వైద్య పత్రికలో నివేదిక వెలువడింది. అందులో ఆ వ్యక్తి పేరు లేదు. నేను ముఖ్యంగా గమనించింది ఇదే. ఆరోగ్యవంతులలో సుమారు మూడోవంతు మంది ముక్కులలో మామూలు స్టాఫిలోకాకస్ ఆరియస్ నివసిస్తూనే ఉంటుంది. దాని మొండి రకమూ అలాగే తెలియకుండా చేరుతుంది. మోసుకు తిరగడం నేరం కాదు.

ఇక జవాబు. ఉల్లేఖకుని జ్ఞాపకశక్తి బలహీనమని చెప్పడాన్ని పండితులు గీబత్‌గా పరిగణించలేదు, ఎందుకంటే అది ధర్మ పరిరక్షణ కోసం. కానీ ఒక్క మాటతో అవసరం తీరితే రెండో మాట పలకరాదని హద్దు గీశారు. పసిబిడ్డల ప్రాణాల విషయంలోనూ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. పరీక్షించడం తజస్సుస్ కాదు, హాని నివారణ. ఫలితం చికిత్స చేసేవారికి, సదరు వ్యక్తికి తెలియాలి. "ఫలానా నర్సమ్మ వల్లనే అంటిందట" అని వార్డు వరండాలో చెప్పుకోవడం మాత్రం నిస్సందేహంగా గీబతే. పైగా ఒకరిని నలుగురిలో నిలబెడితే తర్వాతి వారు దూదిపుల్లకు ముఖం తిప్పుకుంటారు. అప్పుడు ఆ లోపించిన లంకె ఎన్నటికీ దొరకదు, మూల్యం మరో తల్లి చెల్లిస్తుంది.

రోగి పరామర్శ మనకు సున్నత్. అయితే బాలింతను చూడటానికి పదిమంది వెళ్ళి, చేతులు కడుక్కోమన్న ఆయమ్మపై కోపగించుకునే వారినీ చూస్తున్నాం. ఆమె అడిగింది వుజూ చేసేవారికి భారమైన పనేమీ కాదు. అలాగే ఆస్పత్రిలో చేరినప్పుడు ముక్కు నమూనా అడిగితే ఇవ్వండి. ఫలితం ఎవరెవరికి చెబుతారని కూడా అడగండి. ఆ హక్కు మీకుంది.