పొక్కునూరు నుంచి మేయర్ పీఠం దాకా

మాడపాటి హనుమంతరావు 1885 జనవరి 22న అప్పటి కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టారు. 1951లో హైదరాబాద్ నగరానికి తొలి మేయర్ అయ్యేనాటికి ఆయనకు అరవై ఆరేళ్లు. మేయర్‌గా ఉన్నది 1954 దాకానే. అంతకుముందు నలభై ఏళ్లకు పైగా ఆయన గ్రంథాలయాలు నిలబెట్టారు, బడి పెట్టారు, సంఘాలు నడిపారు, రైతులూ వర్తకుల తరఫున అర్జీలు రాశారు. ఆయన మేయర్ పదవికి దక్కిన గౌరవానికి మూలం ఆ నలభై ఏళ్లే. చట్టం ఆ పదవికి ఇచ్చిన అధికారం స్వల్పం. ఈ తేడా విజయవాడకూ సంబంధించినదే, ఎందుకంటే ముప్ఫై ఏళ్ల తర్వాత విజయవాడ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు హైదరాబాద్ చట్టమే ఇక్కడికీ వచ్చింది.

నందిగామ తాలూకా ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీకి సరిహద్దు. దాటితే నిజాం రాజ్యం. మునగాల పరగణా అయితే చుట్టూ నిజాం భూములే ఉన్నా కృష్ణా జిల్లా లెక్కలోకే వచ్చేది. ఈ ప్రాంతపు చదువుకున్న కుటుంబాలకు రెండు వైపులా బంధుత్వాలు, ఉద్యోగాలు, భూములు ఉండేవి. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా పనిచేస్తూ, రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావులతో కలిసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నెలకొల్పడం ఆ రాకపోకల ఫలితమే. మాడపాటిదీ అదే దారి. తండ్రి నిజాం వైపు ఎర్రుపాలెంలో గ్రామాధికారి. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో మేనమామ దగ్గర పెరిగారు. సూర్యాపేటలో చదువుకున్నారు. ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు బాగా వచ్చాయి. తెలుగు ఇంటి భాష. నిజాం రాజ్యంలో కచేరీ భాష, బడి భాష ఉర్దూ అయిన కాలంలో ఈ భాషల కూర్పు ఆయనకు చాలా ఉపకరించింది. సర్కారుతో సర్కారు భాషలో వాదించగలరు, ఊళ్లో జనంతో జనం భాషలో మాట్లాడగలరు. ఆనాడు రెండూ చేతనైనవారు తక్కువ.

హనుమకొండలో విద్యాశాఖలో గుమాస్తాగా చేరిన రోజుల్లోనే, 1904లో, అక్కడ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపనలో పాలుపంచుకున్నారు. తర్వాత హైదరాబాద్ వచ్చి శాసన విభాగంలో అనువాదకుడిగా పనిచేశారు, న్యాయశాస్త్రం చదివి ఉద్యోగం వదిలి వకీలు అయ్యారు. ప్రేంచంద్ కథలను తెలుగులోకి తెచ్చారు. అనువాదకుడి ఉద్యోగం చిన్నదే అయినా, రాజ్యం తన ప్రజలతో ఎలాంటి మాటల్లో మాట్లాడుతుందో, ఏ ఉత్తర్వు ఏ అలమరలో ఉంటుందో ఆయనకు లోపలి నుంచి తెలిసింది. తర్వాతి పోరాటాల పద్ధతి ఈ ఎరుకతోనే రూపుదిద్దుకుంది.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని ఆవరణలో, మహర్షి కర్వే అధ్యక్షతన, నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. వకీలు ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టారు. సంఘానికి కార్యదర్శిగా మాడపాటి పనిచేశారు. సభలో జరిగిన అవమానం చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన కార్యదర్శి పని మీద అంత వెలుగు పడలేదు. చందాలు వసూలు చేయడం, ఊరూరా ఉత్తరాలు రాయడం, పఠనాలయాలు తెరిపించడం, లెక్కలు చూడడం అందులో భాగం. సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి అడిగే 53వ నంబరు గస్తీ నిషాన్ ఉన్న రాజ్యంలో సంఘాన్ని బతికించుకోవడమే పెద్ద పని.

వెట్టిచాకిరీ విషయంలో ఆయన పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. పర్యటనకు వచ్చిన అధికారికి ఊరు ఊరంతా సేవ చేయాలి. చాకలి, కుమ్మరి, మాల, మాదిగ కులాల వారు కూలి లేకుండా పనిచేయాలి, కోమటి సరుకులు అతి తక్కువ ధరకు ఇవ్వాలి. మాడపాటి ముందు సర్కారు ఉత్తర్వులనే వెతికారు. కూలి ఇవ్వకుండా పని చేయించుకోరాదని చెప్పే ఫర్మానాలు, నిబంధనలు అప్పటికే ఉన్నాయి. అవి ఉర్దూలో, దఫ్తరాల్లో ఉన్నాయి. సంఘం వాటి సారాన్ని తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పల్లెలకు పంపింది. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యం వంటి కరపత్రాలు ఆయన కలం నుంచే వచ్చాయి. దీంతో వెట్టి పూర్తిగా పోలేదు. దొరల గడీల్లో అది సాయుధ పోరాటం దాకా సాగింది. కానీ అధికారిని నిలదీయడానికి అదే సర్కారు ఉత్తర్వుల సారం ఉన్న కాగితం పల్లె మనిషి చేతికి వచ్చింది. మితవాది అని ఆయనను తేలిగ్గా తీసేసేవారు గుర్తుంచుకోవలసిన పని ఇది.

1928లో నారాయణగూడలో బాలికల పాఠశాల పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఉర్దూ మాధ్యమంలో నడుస్తున్న రోజుల్లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే ఉన్నత పాఠశాల అది. ఆయన చేసిన పనులన్నింటిలో దీనికే పెద్దపీట వేయాలి. సభల తీర్మానాలు పాతబడ్డాయి, సంఘాలు చీలాయి. అక్కడ చదువుకున్న ఆడపిల్లలు ఆ చదువును తమ ఇళ్లకు, తర్వాతి తరానికి తీసుకెళ్లారు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో మహాసభకు మాడపాటి అధ్యక్షుడు. భాష, బళ్లు, గ్రంథాలయాలతో మొదలైన మహాసభ తర్వాతి దశాబ్దంలో భూమి, కౌలు, జాగీర్ల ప్రశ్నలకు చేరింది. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. మహాసభ రెండుగా చీలింది. మాడపాటి మితవాదుల వైపు నిలిచారు. ఆయన నమ్మిన అర్జీల పద్ధతి పల్లెలో పెరిగిన ఆగ్రహానికి సరిపోలేదు. ఈ విమర్శలో నిజం ఉంది. అయితే భువనగిరి సభకు వేలాదిగా తరలివచ్చిన జనాన్ని కూడగట్టిన వేదిక ఇరవై ఏళ్ల కార్యదర్శి పని మీద నిలబడిందన్నది కూడా అంతే నిజం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. హైదరాబాద్‌లో మునిసిపల్ పాలన 1869లో, సాలార్‌జంగ్ కాలంలో మొదలైంది. 1933లో కార్పొరేషన్ హోదా వచ్చింది. ప్రజాస్వామ్య పాలనలో తొలి మేయర్‌ను ఎన్నుకునే సందర్భం 1951లో వచ్చింది. మాడపాటి ఎన్నికయ్యారు. నాలుగు భాషల నగరం అది. ఉర్దూ మాట్లాడే పాతబస్తీ కార్పొరేటర్లతో ఉర్దూలో, తెలుగు వారితో తెలుగులో చర్చించగల మనిషి పీఠం మీద ఉండడం, మూడేళ్ల కిందటే రజాకార్ల దౌర్జన్యాలు, ప్రతీకారాలు చూసిన నగరానికి మేలు చేసేదే. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన రేగి, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. స్థానికులు ఎవరు, బయటివారు ఎవరు అన్న ప్రశ్న వీధికెక్కిన ఆ రోజుల్లో నగర ప్రథమ పౌరుడు కృష్ణా జిల్లాలో పుట్టి నిజాం రాజ్యంలో పెరిగిన మనిషి. ఆ ప్రశ్నకు పుట్టిన ఊరి పేరు ఒక్కటే సమాధానం కాలేదని ఆయన జీవితమే చూపిస్తుంది.

మేయర్‌కు చట్టం ఇచ్చిందేమిటి? భారతదేశంలో నగరపాలక సంస్థలకు నమూనా 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టం. దాని ప్రకారం కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. మండలి తీర్మానిస్తుంది, మేయర్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, పని చేయించేది కమిషనర్. సిబ్బంది, టెండర్లు, రోజువారీ నిర్ణయాలు అన్నీ అటే. తర్వాత వచ్చిన 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం కూడా ఈ బాటనే నడిచింది. అందుకే మాడపాటి మేయర్‌గా ఏ రోడ్డు వేశారు, ఏ కాలువ తవ్వారు అని అడగడం సరికాదు. ఆ నిర్ణయాలు ఆ కుర్చీలో ఉండేవి కావు.

జర్మనీలో ఒక ఉదాహరణ ఈ తేడాను బాగా చూపిస్తుంది. కొన్రాడ్ అడెనావర్ 1917లో, 41 ఏళ్ల వయసులో, కొలోన్ నగర మేయర్ అయ్యారు. అక్కడ మేయరే పాలనా యంత్రాంగానికి అధిపతి. పదహారేళ్ల పాటు ఆయన ఆ నగరాన్ని తీర్చిదిద్దారు. 1919లో కొలోన్ విశ్వవిద్యాలయం మళ్లీ తెరుచుకుంది, నగరం చుట్టూ పచ్చని వలయం ఏర్పడింది, ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 1933లో నాజీలు ఆయనను తొలగించారు. 1949లో, 73 ఏళ్ల వయసులో, పశ్చిమ జర్మనీ తొలి చాన్సలర్ అయ్యారు. అడెనావర్‌ను దేశానికి పరిచయం చేసింది మేయర్ పదవి. మాడపాటి విషయంలో వరుస తలకిందులు. ముందు సమాజంలో పెద్దరికం వచ్చింది, ఆ పెద్దరికాన్ని గౌరవించి పదవి ఇచ్చారు. ఇలాంటి మనుషులు ప్రతి అయిదేళ్లకూ దొరకరు. అధికారం లేని పదవిని వ్యక్తి పేరు మీద నడపాలనుకుంటే నగరం నష్టపోతుంది.

1955లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 1958 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడయ్యారు, 1964 దాకా ఉన్నారు. అప్పుడు శాసనసభ స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు. ఆయన పుట్టింది నందిగామలో, వకీలుగా, కాంగ్రెసు నాయకుడిగా ఎదిగింది బెజవాడలో. విశాలాంధ్ర కోసం పనిచేసిన ఆ పెద్దమనిషి 1962లో కన్నుమూసేదాకా, కొత్త రాష్ట్రపు రెండు సభలకూ ఒకే తాలూకాలో పుట్టిన ఇద్దరు అధ్యక్షత వహించారు. ఆ తాలూకా ఇప్పుడు విజయవాడ కేంద్రంగా ఉన్న ఎన్టీఆర్ జిల్లాలో భాగం. మాడపాటి 1970 నవంబరు 11న హైదరాబాద్‌లో మరణించారు. నిజాం రాజ్యంలో తెలుగు ఉద్యమానికి ఆయన రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ ఇప్పటికీ మొదటి ఆధారం.

బెజవాడ మునిసిపాలిటీ 1888 ఏప్రిల్ 1న ఏర్పడింది. బొంబాయి చట్టం వచ్చిన సంవత్సరమే అది. 1981లో నగరపాలక సంస్థ అయింది. అందుకోసం చేసిన ప్రత్యేక చట్టం హైదరాబాద్ చట్టంలోని నిబంధనలనే ఇక్కడికీ వర్తింపజేసింది. సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు తొలి మేయర్. 2000లో ప్రజలు నేరుగా ఓటువేసి 26 ఏళ్ల పంచుమర్తి అనురాధను మేయర్‌గా ఎన్నుకున్నారు. నగరం మొత్తం ఓట్లతో గెలిచిన మనిషికీ కమిషనర్ మీద అధికారం రాలేదు. 2005 నుంచి ఆ ఎన్నిక కూడా కార్పొరేటర్ల చేతికి పోయింది. జర్మనీలో ఈ మార్పు ఎదురు దిశలో జరిగింది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మేయర్‌ను ఎనిమిదేళ్లకు ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, ఆయనే మండలికి అధ్యక్షుడు, పాలనకు అధిపతి. నేరుగా ఎన్నుకునే పద్ధతి 1990లలో మరిన్ని రాష్ట్రాలకూ పాకింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఈ లోటు అందరికీ కనిపించింది. బుడమేరు జలవనరుల శాఖది, సహాయ చర్యలు రాష్ట్ర ప్రభుత్వానివి, ముఖ్యమంత్రే కలెక్టరేట్‌లో మకాం వేసి నడిపించారు. ఎన్నికైన నగర మండలికి ఆ రోజుల్లో చెప్పుకోదగ్గ నిర్ణయం ఏదీ లేదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలను పట్టణ సంస్థలకు పేర్కొంది, వాటిని అప్పగించే పని మాత్రం రాష్ట్ర శాసనసభలకు వదిలింది. మురుగు కాలువలు, తాగునీరు, పట్టణ ప్రణాళిక మీద నిర్ణయాధికారం మేయర్‌కు, మండలికి ఇవ్వాలంటే 1955 చట్టంలో కమిషనర్ అధికారాలను నిర్వచించే భాగాన్ని శాసనసభే సవరించాలి.