గడప దాటిన చెత్త

తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టడం తెలుగింటి ఆచారం. ఇంటిని ఇంత శ్రద్ధతో శుభ్రపరచుకొనేవారు అరుదని మనం గర్వంగా చెప్పుకొంటాం. ఆ గర్వంలో అసత్యమేమీ లేదు. అయితే ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతున్నది? ముగ్గుకు నాలుగడుగుల అవతల, ఎదుటి ప్రహరీ పక్కనున్న ఖాళీ స్థలంలోకి. మన శుభ్రత గడప వద్ద ఆగిపోతుంది. గడపకు ఆవల ఉన్నదంతా ప్రభుత్వానిది. అంటే ఎవరిదీ కాదు.

నేను హైదరాబాదు నగరపు తూర్పు శివారులో ఒక కాలనీలో నివసిస్తున్నాను. ఒకప్పుడు అక్కడ జొన్నచేలు ఉండేవి. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. ఇల్లు లేవని ప్లాట్లు మాత్రం చెత్తకుప్పలయ్యాయి. 2007లో చుట్టుపక్కలనున్న 12 పురపాలక సంఘాలను నగరంతో కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పరచినారు. 2015లో స్వచ్ఛ హైదరాబాదు కార్యక్రమం మొదలైన తరువాత చెత్త సేకరణకు ఆటోలు రాసాగాయి. ఇంటింటికి రెండేసి బుట్టలు కూడా ఇచ్చారు: తడిచెత్తకు ఆకుపచ్చది, పొడిచెత్తకు నీలిది. ఆ బుట్టలకు మా వీధిలో పట్టిన గతి చెబితే నవ్వు వస్తుంది. ఒకరు వాటిలో బియ్యం పోసుకొన్నారు, మరొకరు స్నానానికి నీళ్లు పట్టుకొన్నారు. మా ఇంటి నీలిబుట్టలో చాలాకాలం ఉల్లిగడ్డలు ఉండేవి. చెత్త మాత్రం యథాప్రకారం ఒకే సంచిలో, ఒకే ముడితో వీధికెక్కేది.

ఒకనాడు మా ఇంట్లో గాజుగ్లాసు పగిలింది. ముక్కలను ఊడ్చి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ఉన్న సంచిలోనే వేసి నేనే ముడి బిగించాను. మరునాడు ఆటోతో వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఆ సంచిని విప్పి, పైనున్న నీళ్లసీసాను వేరుచేయబోయింది. ఆమె అరచేయి తెగింది. నేను కంగారుపడి లోపలికి పరుగెత్తి పసుపు, గుడ్డపీలిక తెచ్చి ఇచ్చాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "గిది మాకు మామూలే సారూ, సూదులైతెనే భయమైతది" అన్నది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత ఊరట కలిగేదేమో!

చెత్తను మనం పర్యావరణ సమస్యగా పాఠాలలో చదువుకొంటాం. అది నిజమే. కాని అంతకంటె ముందు అది మరొక మనిషి చేతుల సమస్య అని నా అభిప్రాయం. మధుమేహరోగి వాడిన సూది, గడ్డం గీసుకొన్న బ్లేడు, పసిపిల్లల డైపరు, కాలం తీరిన మందులు - వీటిని ముడివేసి పారవేసినంత మాత్రాన అవి మాయం కావు. ఎవరో ఒకరు ఆ ముడి విప్పుతారు. ఇంట్లోనే చెత్తను తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలుగా మూడు విధాలుగా వేరుచేయాలనీ, డైపర్ల వంటివాటిని కాగితంలో చుట్టి ఇవ్వాలనీ 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగా చెప్పాయి. అంతకు చాలాముందే, 1996లో అల్మిత్రా పటేల్ అనే మహిళ నగరాల చెత్త విషయమై సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 2000వ సంవత్సరపు నియమాలు దాని పర్యవసానమే. కాబట్టి చట్టం లేదని మనం సాకు చెప్పలేము.

వేరుచేయడంలోనే ఇంత పట్టుదల ఎందుకని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. మన పట్టణాల చెత్తలో ఇంచుమించు సగం తడిచెత్త. అది మట్టిలో కలిసి ఎరువు కావలసిన పదార్థం. కాగితం, అట్ట, సీసా, రేకు తిరిగి కర్మాగారానికి పోవలసిన ముడిసరుకు. ఈ రెండూ విడివిడిగా ఉన్నంతసేపు రెండింటికీ విలువ ఉంటుంది. కలిపిన మరుక్షణం రెండూ చెడుతాయి. పులుసు అంటిన కాగితాన్ని ఎవరూ కొనరు, ప్లాస్టిక్కు ముక్కలున్న ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు. ఆ కలగలుపు పెద్ద గుట్టగా పేరుకొన్నప్పుడు, లోపల గాలి ఆడక తడిచెత్త కుళ్లి మీథేన్ వాయువు పుడుతుంది. గుట్టలు అంటుకోవడానికి అదే మూలం. వాన నీరు గుట్టగుండా దిగి, నల్లని విషజలమై భూగర్భంలోకి ఇంకుతుంది.

ఇది పుస్తకాలలోని మాట మాత్రమే కాదు. మా కాలనీనుండి పోయిన చెత్త జవహర్‌నగర్ చేరుతుంది. నగరంలోని ఇతర ప్రాంతాల చెత్త కూడా ఏళ్ల తరబడి అక్కడికే చేరింది. కోటి టన్నులకు మించి పేరుకొన్న పాతగుట్టను మట్టితో, ప్లాస్టిక్కు పొరలతో కప్పినారు. 2020లో అక్కడ చెత్తనుండి విద్యుత్తును తయారుచేయడం కూడా మొదలైంది. ఇవి మెచ్చదగిన పనులే. కాని గుట్టను కప్పినంతలో అంతకుముందే ఇంకిన నీరు వెనుకకు రాదు. పక్కనున్న మల్కారం చెరువు రంగు మారిన సంగతి ఆ చుట్టుపక్కలవారిని అడిగితే తెలుస్తుంది. వారి బోర్లలోని నీటి గతి కూడా వారే చెబుతారు. మన వాకిలి ముగ్గు తెల్లగా ఉండటానికి వారి చెరువు నల్లబడింది. ఇది న్యాయమా? విద్యుత్తు తయారీకైనా తడిసిన చెత్త సరిగా మండదు. యంత్రం ఎంత గొప్పదైనా మొదటి పని మన వంటింట్లోనే జరగాలి.

"మేము వేరుచేసి ఇచ్చినా ఆటోలో అన్నీ కలిపివేస్తున్నారు కదా, ఇక మాకెందుకీ శ్రమ?" అని మా కాలనీ సమావేశంలో ఒక పెద్దమనిషి అడిగినాడు. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. నేనూ కలిపివేయడం కళ్లారా చూశాను. పౌరుడు నియమం పాటించి, వ్యవస్థ దానిని నవ్వులపాలు చేసినప్పుడు, నియమంపైనే విశ్వాసం పోతుంది. ఆ తప్పు నిస్సందేహంగా అధికారులది. అయితే వీధిలో అరవై ఇళ్లుంటే వేరుచేసి ఇచ్చేవి ఆరు. ఆ ఆరు బుట్టలకోసం ఆటోలో రెండు అరలను ఎవరు కాపాడుతారు? ఒకరినొకరు చూపి మానుకోవడం మనకు అలవాటైన విద్య.

మన పూర్వులకు ఈ విద్య తెలియదని కొందరు కీర్తిస్తారు. నేను అంతగా కీర్తించను. వారి ఇళ్లలో కుడితితొట్టి ఉండేది. తొక్కలు, గంజి, కడుగునీళ్లు గేదెకు పోయేవి. పొయ్యిలోని బూడిద అంట్లు తోమడానికి, చిరిగిన చీరలు బొంత కుట్టడానికి పనికివచ్చేవి. పేడ, గడ్డి పెంటకుప్పపై పడి ఏడాది తిరిగేసరికి పొలానికి ఎరువయ్యేవి. అది సుగుణమే, కాని వారు పారవేసినదంతా కుళ్లే స్వభావం కలది. పాలప్యాకెట్టు వారి చేతికి రాలేదు గనుక వారికి పరీక్ష ఎదురుకాలేదు, అంతే! పాతకాగితాలు, ఖాళీసీసాలు కొంటామని కేకవేస్తూ వచ్చేవాడు, పాతబట్టలకు స్టీలుగిన్నె ఇచ్చే ఆమె మాత్రం నేటికీ మన వీధులలో ఉన్నారు. పునర్వినియోగం అనే పెద్దమాట పుట్టకముందే ఆ పని చేసినవారు వారు. రూపాయి దగ్గర వారితో బేరమాడి గెలిచామని సంతోషించడం మాత్రం మనం మానలేదు.

ఈ పని సాధ్యమేనని సూర్యాపేట నిరూపించింది. అప్పుడు నల్గొండ జిల్లాలో భాగంగా ఉన్న ఆ పట్టణం 2003 ప్రాంతంలో చెత్తకుండీలు లేని పట్టణంగా దేశమంతటా పేరు పొందింది. ఇంటింటినుండి తడిచెత్తను, పొడిచెత్తను విడివిడిగా సేకరించారు. తడిచెత్తతో వానపాముల ఎరువు చేశారు, పొడిచెత్తను అమ్మారు. గొప్ప యంత్రాలేవీ లేవు. ఇళ్లవారు రోజూ వేరుచేశారు, సిబ్బంది రోజూ వచ్చారు. రెండవది లేనిదే మొదటిది నిలవదు.

నా సంగతి చెబుతాను. అడుగున రంధ్రాలు చేసిన పాతడ్రమ్ములో తొక్కలు వేయడం మొదలుపెట్టిన తొలి నెలలో కంపు పుట్టింది, పురుగులు పట్టాయి, ఇంట్లో మాటలు పడ్డాను. తడి ఎక్కువైందని తరువాత తెలిసింది. ప్రతి పొరపైనా ఎండుటాకులు చల్లి, పుల్లమజ్జిగ చిలకరించి, వారానికొకసారి తిరగవేయగా, మూడు నెలలకు వానకు తడిసిన మట్టి వాసన వచ్చింది. ఆ ఎండుటాకుల కోసం నేను పక్కింటికి వెళ్లడంతో, వారు రోజూ తగులబెట్టే మంట కూడా ఆగింది.

గాజుముక్కలను ఇప్పుడు కాగితంలో చుట్టి, పైన "గాజు" అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. ఆమె ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు సదువు రాదు సారూ, ఎర్రగుడ్డ కట్టుండ్రి" అన్నది. మా వీధిలో ఇప్పుడు నాలుగిళ్లవారు ఎర్రగుడ్డ కడుతున్నారు.