మన్ను తీసేటప్పుడు కూలీని పిలవండి

మందస జీడితోటల్లో మందు కొట్టేది మేము. ఉద్దానంలో కిడ్నీలు చెడి మంచాన పడుతున్నవాళ్ళలోనూ మావాళ్ళే ఎక్కువ. కారణం పురుగుమందేనని శాస్త్రం తేల్చలేదు, మేమూ అనం. తేల్చమంటున్నాం.

మన్నుని జల్లించి, అసిటోన్ వంటి ద్రావకంలో గిలక్కొట్టి, మందుని అందులోకి దించాకే యంత్రానికి ఎక్కిస్తారు. ఆ మన్ను రోజులకొద్దీ ఎండలో సంచీలో పడుంటే కొన్ని మందులు ఆవిరైపోతాయి, ‘ఏమీ లేదు’ అని కాగితం వస్తుంది! గడ్డిమందు గ్లైఫోసేట్ ఈ పద్ధతికి చిక్కదు, దానికి వేరే పరీక్ష చెయ్యాలి. ఏ తోటలో ఏది కొట్టారో ట్యాంకు మోసినోడికి తెలుసు. వాణ్ణి అడిగేదెవరు?

కేరళ కాసరగోడు జీడితోటలపై హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ ఏళ్ళ తరబడి చల్లారు. సుప్రీంకోర్టు నిషేధం 2011లో గానీ రాలేదు. మేమంతకాలం ఆగలేం. మందు కలిపే నూతిగట్టు దగ్గర మన్ను మా ఎదుటే తియ్యాలి. ఫలితం తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించాలి.