కోరపళ్ళ సాక్ష్యం

“పులికి కోరలున్నాయి, మాంసం తింటుంది. ఆవుకు చదును పళ్ళున్నాయి, గడ్డి మేస్తుంది. నీకు కోరలేవి? దేవుడు నిన్ను శాకాహారిగానే పుట్టించాడు.” ప్రవచనాల్లో తరచూ వినిపించే మాట ఇది. సైన్సులా ఉంటుంది కాబట్టి చదువుకున్నవాళ్ళూ తలూపుతారు.

మగ కస్తూరి మృగానికి పెదవి దాటి కిందికి దిగే కోరలుంటాయి. తినేది గడ్డీ, ఆకులూ. మగ గొరిల్లా నోరు తెరిస్తే భయమేస్తుంది. దానికీ ఆకులు, కాడలు, పండ్లే ప్రధానమైన తిండి. ఆ కోరలు తోటి మగవాటిని బెదిరించడానికి, కొట్లాటకు. పులి కోరలు సైతం వేటను పట్టి చంపడానికే గాని నమలడానికి కాదు. మాంసాన్ని తెగ్గోసేవి దాని దవడపళ్ళు. పైపన్ను కిందిపన్ను పక్కనుంచి కత్తెరలా జారుతుంది.

ఇక ఆవు. దాని పైదవడలో ముందుపళ్ళే లేవు, గట్టి చిగురు మాత్రమే. సంతలో ఎద్దు వయసు చూసే రైతు కిందిపళ్ళే లెక్కపెడతాడు. ఆవు దవడను పక్కలకు తిప్పుతూ ఎంత నూరినా, గడ్డిలోని సెల్యులోజును విడగొట్టేది పొట్ట మొదటి గదిలోని సూక్ష్మజీవులే. మనకు ఆ గది లేదు. పులిలా లేము కనుక మాంసాహారులం కామంటే, ఆవులా లేము కనుక శాకాహారులమూ కాము.

మన 32 పళ్ళలో కుంతకాలు 8, రదనికలు 4, అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12. గుబ్బలు తేలిన మన చర్వణకాలు అన్నీ తినే పంది పళ్ళను పోలి ఉంటాయి. దాదాపు 25 లక్షల ఏళ్ళ క్రితమే రాతి పనిముట్లతో మాంసం కోశారు మన పూర్వీకులు. చాలా కాలానికి నిప్పూ చేతికొచ్చింది. కోసే పని రాయికీ, మెత్తబరిచే పని మంటకూ అప్పగించిన జాతిని కోరలేవని అడగడం అర్థం లేని ప్రశ్న.

జీవహింస ఇష్టంలేక మాంసం మానేసినవాళ్ళంటే నాకు గౌరవం. అది మనసుతో తీసుకున్న నిర్ణయం, దానికి పళ్ళ సాక్ష్యం అక్కర్లేదు. తమ అలవాటును ప్రకృతి శాసనంగా ప్రకటించి, ఎదుటివాడి కూటిని అపవిత్రమనడంతోనే నా పేచీ. ఆ మాట పట్టుకునే మాంసం వండేవాళ్ళకు ఇల్లు అద్దెకివ్వరు. 2021లో కర్ణాటకలో బడి భోజనంలో గుడ్డు పెడుతుంటే కొందరు మఠాధిపతులు వద్దన్నారు. పోషకాహార లోపం ఎక్కువగా ఉన్న జిల్లాల పిల్లల కోసం తెచ్చిన గుడ్డు అది. మాకు కావాలని ఆ పిల్లలే బయటికొచ్చి అడిగారు.