కోతీ, పానా

మొన్న మే నెలలో మా మేనబావ కొత్త ఇంటి గృహప్రవేశానికి డోంగ్లి వెళ్ళాను.

డోంగ్లి ఎక్కడుందని అడుగుతారేమో. అడిగినా తప్పులేదు. కామారెడ్డి జిల్లా చివర, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం అది. 2016 దాకా నిజామాబాదు జిల్లాలో ఉండేది. 2022 దాకా మద్నూరు మండలంలో ఉండి, ఆ ఏడు తానే మండలమయింది. నల్లరేగడి నేల. మాట తెలుగులో మొదలయి, దారిలో మరాఠీని పలకరించి, ఉర్దూతో ముగుస్తుంది. ఇన్ని భాషలు వచ్చిన మా బావ, తనకు భాష రాదని ఇన్నేళ్ళూ నమ్మేడు. దానికి కారణం ఒక కోతి. ఆ కథే ఈ వారం.

1997లో బావ ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లీషులో తప్పేడు. సప్లిమెంటరీకి చదువుకుంటాడని మామయ్య అతన్ని హైదరాబాదు మా ఇంటికి పంపించేడు. అప్పుడే మా నాన్నగారు కంప్యూటరు కొన్నారు. అమెరికాలో ఉన్న ఆయన మిత్రులొకరు ఒక ఆటల సీడీ ఇచ్చి వెళ్ళేరు. ఇంకేం, బావ ఇంగ్లీషు పుస్తకం మీద దుమ్ము పేరుకుంది.

ఆ ఆట ‘మంకీ ఐలండ్’ రెండవ భాగం. 1991లో వచ్చింది. గైబ్రష్ అనే అమాయకపు కుర్రవాడు దీవులన్నీ తిరిగి నిధి వెతుకుతూంటాడు. తుపాకులు పేల్చడాలూ, కారు పందాలూ లేవు. తెరమీద బొమ్మ. దానికింద తొమ్మిది క్రియలు: ఇవ్వు, తీసుకో, వాడు, తెరు, మూయి, చూడు, నెట్టు, లాగు, మాట్లాడు. మౌసుతో ఒక క్రియమీద నొక్కి, తరువాత ఒక వస్తువుమీద నొక్కాలి. వస్తువు జేబులో చేరుతుంది. ఏ వస్తువు ఎక్కడ పనికివస్తుందో కనిపెట్టడమే ఆట. పేదరాశి పెద్దమ్మ కథలో రాకుమారుడికి దారిలో దొరికిన ఈకా, ఎముకా చివరికి ప్రాణం కాపాడతాయి చూడండి, అదే తంతు.

ఈ జాతి ఆటల పుట్టుక కూడా కథలాంటిదే. 1976 ప్రాంతంలో విల్ క్రౌథర్ అనే అమెరికను తన ఇద్దరు కూతుళ్ళకోసం కంప్యూటరులో ఒక గుహ కట్టేడు. ఆయనకు గుహల్లో తిరగడం సరదా. అందులో బొమ్మల్లేవు, అన్నీ మాటలే. 1980లో రొబెర్టా విలియమ్స్ అనే ఇల్లాలు భర్త సాయంతో ఈ జాతి ఆటకు బొమ్మలు చేర్చింది. 1984లో ఆమె చేసిన ‘కింగ్స్ క్వెస్ట్’లో మనిషి తెరమీద నడిచేడు. అయితే ఆమె ఆటల్లో ఒక చిక్కుండేది. అడుగు తప్పితే చావు. మొదట్లో ఒక వస్తువు తీసుకోవడం మరిచిపోతే, ఎంతోదూరం వెళ్ళేక దారి మూసుకుపోయేది.

ఇది అన్యాయమన్నాడు రాన్ గిల్బర్ట్. మంకీ ఐలండ్ సృష్టికర్తలలో ముఖ్యుడు ఆయన. ఆడేవాణ్ణి ఊరికే చంపకూడదు, వెనక్కి రాలేని దారిలోకి తోయకూడదు అని 1989లో ఏకంగా వ్యాసమే రాసేడు. ఆయన ఆటల్లో తప్పుచేసినా కొంప మునగదు. మళ్ళీ ప్రయత్నించవచ్చు. నాకు ఈ నియమం వేదవాక్యంలా తోస్తుంది. మన పరీక్షలకూ దీన్ని అన్వయిస్తే ఎంత బాగుండును!

సరే, ఇంతటి ధర్మాత్ముడూ ఒకచోట మాకు అన్యాయం చేశాడు.

ఒక దీవిలో జలపాతం ఉంది. దానిమీద పంపు. పంపు ఆపితే నీళ్ళు ఆగి, వెనకనున్న సొరంగం బయటపడుతుంది. బావ చూస్తూనే పట్టేశాడు.

“పంపు బందు జెయ్యాల్నంటే పానా గావాలెరా. పానా దేవులాడు!”

పొలంలో మోటారు విప్పి బిగించిన చెయ్యి అది. ఎందుకు తెలియదూ? పానాకోసం మూడు దీవులూ గాలించేము. ప్రతి తలుపూ తెరిచేము. ప్రతివాడితోనూ మాట్లాడేము. నెల గడిచింది. పానా లేదు. తొలకరి పడగానే బావ డోంగ్లి వెళ్ళిపోయాడు. పరీక్షకు రాలేదు.

“ఇంగ్లీషు రాకనే పంపు బందు గాలే. ఇగ పరీక్షేం రాస్త?” అన్నాడు బస్సెక్కుతూ.

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. కాని ఇరవయ్యేళ్ళు దాటినా అదే మాట. బ్యాంకులో కాగితం నింపాలన్నా, ఇంటికి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చినా, “మనకు పంపు బందు గాదు బాబూ” అని పక్కవాడి చేతికిచ్చేవాడు.

ఈ మధ్య నాకు ఆ ఆటమీద మనసుపోయింది. 2001లో కొందరు ఔత్సాహికులు ‘స్కమ్‌వీఎం’ అనే సాధనం తయారుచేసి, పాత ఆటలు కొత్త యంత్రాలలో నడిచే ఉపాయం చేశారు. ఇప్పుడవి ఫోనులో కూడా ఆడుకోవచ్చు. ఆడి, చివరికి జవాబు చూసుకున్నాను. చూసి కాస్సేపు మాట రాలేదు.

ఆ ఆటలో పానాయే లేదు! సారాకొట్టులో పియానో వాయించే కోతి ఒకటుంది. తాళం కొట్టే యంత్రానికి అరటిపండు తగిలిస్తే, కోతి దాన్నే చూస్తూ కొయ్యబారిపోతుంది. దాన్ని జేబులో వేసుకుని, పంపుకి తగిలించి తిప్పాలి. ఎందుకంటే అమెరికాలో ఒకరకం పానాని ‘మంకీ రెంచ్’ అంటారు. అదీ శ్లేష. ఇంగ్లండులో పానాని ‘స్పానర్’ అంటారు గనుక ఇంగ్లీషు పుట్టిన దేశంలోనే చాలామంది అక్కడ చతికిలబడ్డారు.

గృహప్రవేశం నాటి రాత్రి, చుట్టాలంతా పడుకున్నాక, అరుగుమీద కూర్చుని ఫోను బావ చేతికిచ్చేను. కోతిని పంపుకి తగిలించేడు. నీళ్ళు ఆగిపోయాయి. విషయం చెప్పేను.

“ఇంగ్లండోళ్ళు గూడ ఆగిండ్రా?”

“ఆగేరు బావా.”

“మరి నేను పానా అన్నది తప్పుగాదు గద?”

“తప్పు కాదు. అందరికంటే ముందు పట్టింది నువ్వే.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చాలాసేపు చీకట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

తెల్లవారి కాఫీ తాగుతూంటే లోపలనుంచి మాటలు వినిపించేయి. బావ కూతురు ఈ ఏడు ఇంటర్ ఇంగ్లీషులో తప్పింది. చదువు మానేస్తానని రెండువారాలుగా పట్టు. బావ కూడా సరేనన్నాడని మా అక్కయ్య రాత్రే వాపోయింది.

“ఫీజు ఆఖరి తారీఖు ఎన్నడు బిడ్డా?” అంటున్నాడు బావ.

“నాకు రాదు నాయినా.”

“గట్లనే అనుకుంటరు. ప్రశ్న ఇచ్చినోడే తిరకాసు పెడితె నువ్వేంజేస్తవ్? మల్ల రాయి. కోతి ఎక్కడున్నదో దేవులాడు.”

పాపం, ఆ పిల్లకి కోతి సంగతి తెలియదు. తండ్రికేమయిందోనని నావంక చూసింది. నేను కాఫీ గ్లాసులోకి చూసుకున్నాను.

ఫీజు కట్టేరట. నిన్న ఫోను వచ్చింది.